కారు చప్పుడు చేస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మెకానిక్‌ని కాను. పదకొండేళ్లుగా ఒకటే పెట్రోల్ కారు నడుపుతున్నాను, మీటరు 1,40,000 దాటింది. ఇన్నేళ్లలో అది చెయ్యని చప్పుడు లేదు. దాంతో చుట్టాల్లో ఎవరి కారు మూలిగినా ముందు ఫోన్ నాకే వస్తుంది. వాళ్లు అడిగేవి, నేను చెప్పేవి ఇక్కడ పెట్టాను. ఇవి మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిన్న కార్లకి, అంటే ముందు చక్రాలు లాగే మాన్యువల్ గేర్ పెట్రోల్ కార్లకి బాగా సరిపోతాయి.

చప్పుడు వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎప్పుడు వస్తోందో చూసుకోవడంతో మొదలుపెట్టండి. మన భాషలో చప్పుళ్లకి కొదవ లేదు: కీచు, కిర్రు, గరగర, లొడలొడ, టకటక, బుస్సు. కానీ నాకు టకటక అనిపించింది మా బావకి కటకట అనిపిస్తుంది. బ్రేక్ వేస్తేనే వస్తోందా, స్టీరింగ్ తిప్పితేనా, గుంతలో పడితేనా, ఏసీ వేస్తేనా, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడేనా? ఇది తేలితే సగం పని అయినట్టే.

నేను వరుసగా చేసేది ఇది. ముందు బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతాను. చప్పుడు దాంతో పాటు పెరిగితే ఇంజిన్ వైపుది, లేదా సైలెన్సర్‌ది. నిలబడినప్పుడు ఏమీ లేకపోతే ఖాళీ రోడ్డు మీద 40లో వెళ్తూ క్లచ్ తొక్కి న్యూట్రల్ చేస్తాను. ఇంజిన్ స్పీడు పడిపోయినా చప్పుడు అలాగే ఉండి, బండి నెమ్మదిస్తున్నకొద్దీ తగ్గితే చక్రాలు, టైర్లు, బేరింగులు చూడాలి. ఈ పరీక్షలో తాళం మాత్రం ఆఫ్ చెయ్యకండి. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడు సార్లు తొక్కాక బ్రేక్ కూడా రాయిలా అవుతుంది.

ఇంకో చిట్కా. పొడుగాటి కాంపౌండ్ గోడ పక్కన అద్దాలు దించి మెల్లగా వెళ్లండి. గోడకి తగిలి చప్పుడు తిరిగి చెవిలో పడుతుంది. బహిరంగ రోడ్డు మీద వినపడనివి కూడా అక్కడ వినిపిస్తాయి. వెనక సీట్లో ఒకరిని కూర్చోబెడితే ఇంకా మంచిది. మా అమ్మ "ఒరేయ్, నా కాళ్ల కింద ఏదో ఏడుస్తోందిరా" అన్నాకే వెనక చక్రం బేరింగ్ సంగతి నాకు తెలిసింది. డ్రైవర్ సీట్లో నాకు ఏమీ వినపడలేదు.

వెంటనే బండి పక్కకి ఆపాల్సిన చప్పుళ్లు ఏవి?

ఎర్ర లైటుతో పాటు వచ్చే ఏ చప్పుడైనా. ముఖ్యంగా ఆయిల్ లైటు వెలిగి, ఇంజిన్ లోపల సుత్తితో కొట్టినట్టు టంగ్ టంగ్ మంటుంటే ఒక కిలోమీటరు కూడా లాగకండి. "ఊరు దగ్గరే కదా" అని లాగితే ఇంజిన్ విప్పాల్సి వస్తుంది.

బ్రేక్ వేస్తే ఇనుము ఇనుముకి రాసుకున్న గరగర వచ్చినా, పెడల్ లోపలికి దిగిపోతున్నా ఆపేయండి. బానెట్ కింద బుస్ మంటూ ఆవిరి వస్తుంటే ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి, వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. పంక్చర్ వేయించిన రోజో, టైరు మార్చిన రోజో చక్రం దగ్గర దబ్ దబ్ మని కొత్త చప్పుడు మొదలైందంటే వీల్ నట్లు బిగించలేదేమో చూడండి. వరుసగా ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా ఉన్నవి బిగించాలి. ఓ యాభై కిలోమీటర్లు పోయాక ఇంకోసారి చూసుకోవాలి.

బ్రేక్ వేస్తే కీచుమంటోంది. ప్యాడ్లు అయిపోయినట్టేనా?

కాకపోవచ్చు. రాత్రి వాన పడి, పొద్దున బండి తీసినప్పుడు నాలుగైదు బ్రేకుల వరకు గరుగ్గా చప్పుడు వస్తే అది డిస్కు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) మీద పట్టిన సన్నటి తుప్పు. దానంతట అదే పోతుంది.

రోజంతా, బ్రేక్ తొక్కినప్పుడల్లా సన్నగా కీచుమంటే ప్యాడ్లు, అంటే డిస్కుని నొక్కి పట్టే దిమ్మలు, చూడాలి. చాలా ప్యాడ్లకి ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ సుమారు 2, 3 మి.మీ.కి అరిగేసరికి ఆ రేకు డిస్కుకి తగిలి కూత పెడుతుంది. "నన్ను మార్చు" అని చెప్పడానికే దాన్ని పెట్టారు. కొత్త ప్యాడ్ 10 మి.మీ. లేదా కాస్త ఎక్కువే ఉంటుంది. చాలా అల్లాయ్ వీల్స్ సందుల్లోంచి టార్చి వేసి చూస్తే చక్రం విప్పకుండానే మందం తెలుస్తుంది. కూతని పట్టించుకోకుండా తిరిగితే ప్యాడ్ వెనక ఇనుప పలక డిస్కుని దున్నేస్తుంది. అప్పుడు ప్యాడ్లతో పాటు డిస్కు ఖర్చు కూడా మీదే.

కొత్త ప్యాడ్లు వేయించాక కూడా కీచుమంటే, వేసినవాళ్లు ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టారా, ప్యాడ్ వెనక ఉండే పల్చటి షిమ్ తిరిగి వేశారా అని అడగండి. మొదటి 200, 300 కిలోమీటర్లు గట్టి బ్రేకులు వెయ్యకుండా సర్దుకోనివ్వాలి. చప్పుడు పోతుందని బ్రేకుల మీద నూనె చుక్క వేసినవాళ్లని చూశాను. చప్పుడు పోతుంది, బ్రేకులు కూడా పోతాయి.

బ్రేక్ వెయ్యకపోయినా చక్రం దగ్గర గీసుకుంటోంది?

కంకర రోడ్డు మీద వెళ్లొచ్చారా? డిస్కుకీ, దాని వెనక ఉండే పల్చటి రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే గుండెలు జారిపోయేంత చప్పుడు వస్తుంది. ఓ పది అడుగులు రివర్స్ తీసి, మళ్లీ ముందుకి వెళ్లండి. చాలాసార్లు రాలిపోతుంది. పోకపోతే చక్రం విప్పి ఆ రేకుని కాస్త వెనక్కి వంచితే చాలు, పావుగంట పని.

స్పీడ్ బ్రేకర్ల మీద టక్ మంటోంది. షాకర్లు మార్చాలంటున్నారు. మార్చనా?

ఆగండి. ఇందులో నా డబ్బు పోయింది కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

మూడేళ్ల కిందట నా కారు స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్ మనేది. ఒక గ్యారేజీలో బానెట్ మీద రెండుసార్లు నొక్కి చూసి "షాకర్లు పోయాయి సార్" అన్నారు. రెండూ మార్పించాను, పదకొండు వేలు. ఇంటికొచ్చే దారిలో మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే మళ్లీ టక్. ఆ తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి "బాబాయ్, ఇదేంటో చూడు" అన్నాను. బండి ర్యాంపు మీద ఎక్కించి, కిందకి దూరి, లింక్ రాడ్ (మలుపుల్లో బండి ఒరగకుండా చూసే అడ్డ కడ్డీకి తగిలించే సన్నటి రాడ్) పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. టక్. అదే చప్పుడు. "నువ్వూ రా" అని నన్ను పిలిచి నా చేత్తో కూడా ఊపించాడు. రాడ్ చివర బంతిలాంటి జాయింట్ ఉంటుంది. దాని రబ్బరు చిరిగి, గ్రీజు ఎండి, లోపల మట్టి చేరి, వేలికి తెలిసేంత ఆడుతోంది. రెండు వైపులా కొత్తవి వేసినా రెండు వేలు కాలేదు.

కాబట్టి తక్కువ ఖర్చువి ముందు చూడాలి. చిన్న చిన్న గతుకుల మీద టకటక అంటే లింక్ రాడ్. పెద్ద గుంతలో దడ్ మంటే, బ్రేక్ వేసినప్పుడు కూడా ఒక దెబ్బ వినిపిస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చెయ్యి) రబ్బరు బుష్‌లైనా, దాని చివరి బాల్ జాయింటైనా అయ్యుంటుంది. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు సాగదీసి వదిలినట్టు టంగ్ మంటే షాకర్ పైన ఉండే మౌంటింగ్. వీటిలో బాల్ జాయింట్‌ని మాత్రం రేపు మాపు అని వాయిదా వెయ్యకూడదు, అది ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది.

షాకర్ నిజంగా పోయిందా అంటే, దాని ఒంటి మీద నూనె కారి దుమ్ము పట్టి ఉందా చూడండి. ఒక మూల గట్టిగా నొక్కి వదిలితే బండి రెండు మూడు సార్లు ఊగుతుందా చూడండి. ఈ రెండూ లేకుండా చప్పుడు ఒక్కటే విని మార్చమంటే ఇంకో చోట అడగండి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి యూ టర్న్ తీసుకుంటే కటకట మంటోంది?

సీవీ జాయింట్. ఇంజిన్ బలాన్ని చక్రానికి చేరవేసే డ్రైవ్ షాఫ్ట్ చివర ఉంటుంది. ముందు చక్రం లోపలి వైపు చూడండి. మడతలు మడతలుగా ఉండే నల్ల రబ్బరు బూటు చిరిగి, చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటే అనుమానం లేనట్టే. బూటు చిరిగిన తొలి రోజుల్లోనే పట్టుకుంటే బూటు, గ్రీజుతో సరిపోతుంది. కటకట మొదలయ్యాక చూస్తే జాయింటే మార్చాలి. ప్రతి సర్వీసులోనూ బండి పైకెత్తినప్పుడు ఆ రెండు బూట్లు నేనే చూసుకుంటాను.

60 దాటితే విమానంలో కూర్చున్నట్టు ఒకటే హోరు. టైర్లా, బేరింగా?

ఇవి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, విడదీయడం కాస్త కష్టం. రోడ్డు మారితే, అంటే సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డు మీదకి రాగానే చప్పుడు మారితే టైర్లు. టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమిరితే రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా తగులుతుంది. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి, హోరు కూడా చోటు మారితే సంగతి తేలిపోయింది. ఎలైన్‌మెంట్ కూడా చేయించండి, లేకపోతే కొత్త టైర్లూ అలాగే అరుగుతాయి.

రోడ్డు ఏదైనా హోరు ఒకేలా ఉండి, మలుపులో పెరుగుతుంటే బేరింగ్. ఎడమకి తిరిగినప్పుడు బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది. కాబట్టి ఎడమ మలుపులో హోరు పెరిగితే ముందు కుడివైపు బేరింగ్‌ని అనుమానించాలి. మెకానిక్ చక్రం పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తాడు. స్ప్రింగు మీద ఒక చెయ్యి పెట్టి చక్రాన్ని తిప్పితే, పాడైన బేరింగ్ గరగర వేళ్లకి తెలుస్తుంది. నేనూ పెట్టి చూశాను. చెవికంటే చెయ్యే ముందు చెప్పింది.

పొద్దున స్టార్ట్ చెయ్యగానే వీధంతా లేచేలా కీచుమంటోంది?

ఆల్టర్నేటర్ని, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసేదాన్ని, తిప్పే బెల్టు. ఏసీ వేసినప్పుడు, వాన తేమలో ఎక్కువ అవుతుంది. బెల్టు సాగిపోవడం, పగుళ్లు రావడం, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనపడటం, కప్పీ పక్కకి ఒరగడం, వీటిలో ఏదో ఒకటి. ఇంజిన్ నడుస్తుండగా బెల్టు పళ్ల వైపు కాసిని నీళ్లు చల్లితే క్లూ దొరుకుతుంది. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ మొదలైతే కప్పీలు వరసలో లేవు, ఇంకా పెరిగితే బెల్టు జారుతోంది. అయితే చీర కొంగు, చున్నీ, చేతి గొలుసు ఉన్నవాళ్లు ఆ దరిదాపుల్లోకి రాకూడదు. ఈ పని మెకానిక్‌కి వదిలేస్తేనే మంచిది. కొందరు బెల్టుకి సబ్బు రుద్దుతారు. రెండ్రోజులు నోరు మూసుకుంటుంది, అంతే.

కీచు కాకుండా టిక్ టిక్ మని కుట్టుమిషన్‌లా వస్తే ముందు ఆయిల్ చూడండి. బండి చదునైన చోట పెట్టి, ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి తియ్యండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఆయిల్ సరిగ్గా ఉండి, ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోతే కంగారు లేదు. అప్పుడూ తగ్గకపోతే టాపెట్లు (ఇంజిన్ వాల్వులని తెరిచే భాగాలు) చూపించాలి.

ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్‌లో గోలీలు గలగలలాడినట్టు వస్తోంది?

ఐదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, శ్రీశైలం ఘాట్ నాలుగో గేర్‌లో ఎక్కిస్తుంటే ఏ ఇంజిన్ అయినా అలాగే ఏడుస్తుంది. దాన్ని నాకింగ్ అంటారు. పెట్రోలు మండాల్సిన పద్ధతిలో కాకుండా తొందరపడి మండటం వల్ల వస్తుంది. గేరు తగ్గించండి. మైలేజీ పోతుందని పెద్ద గేర్లో లాగొద్దు. మూడులోనో రెండులోనో కూడా గలగల ఆగకపోతే, చదును రోడ్డు మీద కూడా వస్తుంటే ప్లగ్గులు, లోపలి మసి, వేడి, పెట్రోలు నాణ్యత చూడాలి. ఈ మధ్య ఒక కొత్త బంకులో పోయించాకే మొదలైందా అన్నది గుర్తు చేసుకోండి.

తాళం తిప్పితే టకటకటక మంటుంది, స్టార్ట్ అవ్వదు?

వేగంగా టకటకటక అంటే బ్యాటరీ. లైట్లు వేసి చూస్తే మసకబారి ఉంటాయి. ఒక్కసారే టక్ మని ఊరుకుంటే, లైట్లు బాగానే ఉంటే స్టార్టర్ మోటార్. అంతకుముందు టెర్మినళ్లు చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే మైనస్ వైరు ముందు విప్పి, తర్వాత ప్లస్ విప్పి, వంట సోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఆరబెట్టి బిగించండి. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంజిన్ ఆపినప్పుడు సుమారు 12.6 ఓల్టులు చూపిస్తుంది.

బండి కింద రేకు డబ్బా కొట్టుకున్నట్టు మోగుతోంది?

సైలెన్సర్ గొట్టానికి వేడి తగలకుండా పెట్టే రేకు వదులైంది. తుప్పు బోల్టుని తినేస్తుంది. పెద్దపాటి హోస్ క్లిప్ ఒకటి చుట్టి బిగిస్తే పోతుంది. బండి చల్లారాకే చెయ్యి పెట్టండి. కానీ ఫట్ ఫట్ మని పొగ గొట్టం నుంచే గాలి తన్నుతున్నట్టు ఉంటే అది లీకు, కారులోకి విషవాయువు రావచ్చు. పిల్లలు వెనక నిద్రపోయే బండి, ఆలస్యం చెయ్యకండి.

ఏసీ వేస్తే డాష్‌బోర్డు లోపల కిర్ కిర్ మంటోంది?

వేప చెట్టు కింద పెడుతున్నారా? మా ఇంటి ముందు చెట్టు వల్ల ప్రతి వేసవిలో ఇదే గొడవ. అద్దం కింద జాలీలోంచి ఆకు లోపలికి జారి బ్లోయర్ రెక్కలకి తగులుతుంది. గ్లోవ్ బాక్స్ విప్పి ఏసీ ఫిల్టర్ తీస్తే పిడికెడు ఆకు బయటకి వచ్చింది. ఒకసారి ఆకుతో పాటు ఎలుక దాచుకున్న పల్లీలు కూడా దొరికాయి. అలాంటివి కనిపిస్తే వైర్లు కూడా చూపించుకోండి.

క్లచ్ తొక్కితే ఒక చప్పుడు, వదిలితే ఒక చప్పుడు?

తొక్కినప్పుడు వస్తే క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్. న్యూట్రల్‌లో వదిలి ఉన్నప్పుడు వస్తూ, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్. రెండూ గేర్‌బాక్స్ దింపితే గానీ అందవు. కాబట్టి రిలీజ్ బేరింగ్ మార్చేటప్పుడు క్లచ్ ప్లేటు కూడా సగానికి పైగా అరిగి ఉంటే అప్పుడే మార్చేసుకోండి, రెండోసారి దింపుడు కూలి మిగులుతుంది.

భయపడక్కర్లేని చప్పుళ్లు కూడా ఉంటాయా?

బోలెడు. రివర్స్‌లో వచ్చే ఊళ చాలా మాన్యువల్ కార్లకి పుట్టుకతో వచ్చిందే, ఆ గేరు పళ్లు నిలువుగా ఉంటాయి. తాళం తిప్పగానే వెనక నుంచి రెండు సెకన్లు జుయ్ మంటే పెట్రోలు పంపు. ఇంజిన్ ఆపాక చిటచిట అంటే సైలెన్సర్ చల్లారుతోంది. ఆపాక ఫ్యాను కాసేపు తిరగడమూ మామూలే. గట్టిగా బ్రేక్ వేస్తే కాలి కింద గడగడలాడటం ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పని చెయ్యడం, భయపడి కాలు తియ్యకండి, అలాగే తొక్కి ఉంచండి.

ఎండాకాలం డాష్‌బోర్డు కిర్రుమంటోంది. విప్పదీయించనా?

రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ప్లాస్టిక్ ఎంత? వేడికి సాగి ఒకదానికొకటి రాసుకుంటుంది. ముందు డోరు జేబుల్లో నీళ్ల సీసాలు, చిల్లర, సీటు కింద జాకీ, డిక్కీలో స్టెప్నీ బోల్టు, నంబరు ప్లేటు చూడండి. కారంతా ఖాళీ చేసి ఒక చుట్టు తిరిగి రండి. అప్పటికీ ఉంటే పక్కన కూర్చున్నవాళ్లని చేత్తో ఒక్కో చోట నొక్కి పట్టమనండి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అక్కడ సన్నటి ఫోమ్ ముక్క దూర్చండి. తలుపు రబ్బర్లు కిర్రుమంటే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. విప్పదీయిస్తే ఒక క్లిప్పు విరిగి కొత్త చప్పుడు మొదలయ్యే అవకాశమే ఎక్కువ.

మెకానిక్ దగ్గరికి వెళ్తే చప్పుడు రాదు. ఏం చెయ్యాలి?

అందరికీ జరిగేదే. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. "చల్లగా ఉన్నప్పుడు, రెండో గేర్లో, ఎడమకి తిరిగితే" అని కాగితం మీద రాసుకెళ్లండి. చల్లటి ఇంజిన్‌లోనే వచ్చేదైతే ముందు రోజు రాత్రే బండి అక్కడ పెట్టేసి రండి. వీలైతే "అన్నా, ఒక్క రౌండు నాతో రా" అని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పండి. ఆ రౌండుకి రానని, వినకుండానే సామాను పేర్లు చెప్పేవాళ్లతో నాకు ఎప్పుడూ కలిసిరాలేదు. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి, అది ఎక్కడ ఆడుతోందో చూపించమనండి.

ఎల్లుండి తిరుపతి వెళ్లాలి. ఈ చప్పుడుతో బయల్దేరొచ్చా?

డాష్‌బోర్డు కిర్రు, రేకు మోత, లింక్ రాడ్ టకటక అయితే వెళ్లి రండి, వచ్చాక చూపించుకోవచ్చు. బెల్టు కీచు, బ్రేక్ ప్యాడ్ కూత అయితే రేపే చేయించుకుని వెళ్లండి. ఒక్క పూట పని. తిరుమల కొండ దిగేటప్పుడు బ్రేకుల మీద పడే భారం మామూలుది కాదు, రెండో గేర్లో దిగినా సరే. బేరింగ్ హోరు, బాల్ జాయింట్, ఆయిల్ లైటు, బ్రేకుల్లో గరగర అయితే మాత్రం కారుని ఇంట్లో వదిలి బస్సెక్కండి. కొండ మీదకి కూడా బస్సులు వెళ్తూనే ఉంటాయి.